బండరాయి, తూటా, చున్నీ: చెయ్యి ఆనిన చోట డీఎన్‌ఏ
పాఠకుల ప్రశ్నలు, ఫోరెన్సిక్ నిపుణుల జవాబులు

నెత్తుటి మరక కంటికి ఆనుతుంది, చెయ్యి పెట్టిన జాడ ఆనదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ కనిపించని జాడ గురించే. పోలీసు స్టేషన్ల నుంచి వచ్చినవాటికి కాస్త ఎక్కువ చోటిచ్చాం. ల్యాబ్‌లో ఎంత మంచి యంత్రం ఉన్నా, ఘటనా స్థలంలో పోయింది తిరిగి రాదు కదా.

ఊరికే చెయ్యి తగిలితే డీఎన్‌ఏ అంటుకుంటుందా? అంటుకున్నా పరీక్షకి సరిపోతుందా?
– లా విద్యార్థిని, వరంగల్

అంటుకుంటుంది. ముట్టుకున్న వస్తువుల మీద నుంచి మనిషి డీఎన్‌ఏ ప్రొఫైల్ (ఎవరిదో గుర్తుపట్టే డీఎన్‌ఏ వివరం) తీయవచ్చని 1997లో ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న రోలండ్ వాన్ ఊర్షాట్, మాక్స్‌వెల్ జోన్స్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి, అక్కణ్ణుంచి వస్తువుకి డీఎన్‌ఏ మారవచ్చని కూడా ఆ చిన్న వ్యాసంలోనే ఉంది. ఆ రెండో మాట కోర్టుల్లో ఎంత గొడవకి దారితీసిందో కింద ఒక న్యాయవాది ప్రశ్నలో చూద్దాం.

ఇక సరిపోవడం సంగతి. మనిషి కణం ఒక్కోదాంట్లో సుమారు 6.6 పికోగ్రాముల (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు) డీఎన్‌ఏ ఉంటుంది. ల్యాబ్‌లో వాడే ఎస్‌టీఆర్ కిట్లు (మనిషికీ మనిషికీ మారే డీఎన్‌ఏ పునరావృతాల్ని చూసేవి) ఇబ్బంది లేకుండా పనిచెయ్యాలంటే అర నానోగ్రాము, అంటే 500 పికోగ్రాములు కావాలి. ఓ డెబ్బై అయిదు కణాలన్నమాట. 100 పికోగ్రాముల దగ్గర, అంటే పదిహేను కణాలకి వచ్చేసరికి ఫలితం తడబడటం మొదలవుతుంది. ఉండాల్సిన అల్లీల్ (ఆ చోట ఆ మనిషికున్న డీఎన్‌ఏ రూపం) కనిపించదు, లేనిది వచ్చి చేరుతుంది. రెండుసార్లు చేస్తే రెండు రకాలుగా రావచ్చు.

చర్మం పైపొర నుంచి రాలే కణాల్లో చాలావాటికి కేంద్రకమే మిగిలి ఉండదు. మరి డీఎన్‌ఏ ఎక్కడిదంటే, చెమటతో పాటు వచ్చిన విడి డీఎన్‌ఏ కొంత, ముఖం తుడుచుకున్నప్పుడో ముక్కు కళ్లు నలుపుకున్నప్పుడో చేతికి అంటుకున్నది కొంత. అందుకే ఇప్పుడే చెయ్యి కడుక్కున్నవాడు తక్కువ వదులుతాడు. మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంటుంది. ఎంతసేపు పట్టుకున్నాడన్న దానికన్నా ఎంత గట్టిగా పట్టుకున్నాడు, ఒరిపిడి ఎంత అన్నవే ఎక్కువ పనిచేస్తాయి. గరుకు ఉపరితలం అరచేతి నుంచి ఎక్కువ గీకి తీసుకుంటుంది, మనం అడిగితే మాత్రం తక్కువ ఇస్తుంది. ఈ నెల శీర్షికలో కష్టమంతా అక్కడే ఉంది.

బండరాయితో తల మీద మోది చంపిన కేసు. గ్రానైట్ రాయి, పన్నెండు కిలోలుంటుంది. నెత్తుటి మరక స్వాబ్ చేసి (దూదిపుల్లతో తుడిచి) పంపితే మృతుడిదేనని రిపోర్టు వచ్చింది. రాయి ఇంకా స్టేషన్‌లోనే ఉంది. చంపినవాడి డీఎన్‌ఏ తీసే వీలుందా?
– ఎస్సై, ప్రకాశం జిల్లా

రాయిని ఎవరూ కడగకుండా, చోటు మార్చేటప్పుడు ఉత్తి చేతులతో ఎత్తకుండా ఉంటే వీలుంది. ఎత్తి ఉంటే దాచకండి. ఎవరెవరు ముట్టుకున్నారో రాసి, వాళ్ల రిఫరెన్స్ శాంపిల్స్ (పోల్చి చూడటానికి తీసే నమూనాలు) కూడా పంపండి. లేకపోతే రేపు ప్రొఫైల్‌లో కనిపించే ‘గుర్తు తెలియని రెండో వ్యక్తి’ మీ స్టేషన్ రైటరే కావచ్చు.

ఇలాంటి కేసుల్లో నెత్తురు ఎలాగూ మృతుడిదే వస్తుంది. కావాల్సింది రాయి ఎత్తినవాడి అరచేతులు ఆనిన చోటు. పన్నెండు కిలోల రాయిని ఒంటి చేత్తో ఎత్తరు. ముందు దెబ్బ తగిలిన ముఖం గుర్తుపట్టండి. నెత్తురు, వెంట్రుకలు ఎక్కువగా ఉన్న వైపే అది. దానికి ఎదురు వైపున, పక్కల్లో, కిందికి కాస్త వంపు తిరిగి వేళ్లు దూరే చోట్లు వెతకండి. టార్చి లైటు నిలువుగా కాకుండా రాతి మీదికి దాదాపు పడుకోబెట్టి వేస్తే, నెత్తురు చేతివేళ్ల కింద జారిన ఆనవాళ్లు, మరక మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. అరచెయ్యి అడ్డుపడిన చోట నెత్తురు చిందదు. ఆ ఖాళీయే మనకి కావాల్సిన జాగా. అదే సైజు వేరే రాయి ఎత్తి చూస్తే చేతులు ఎక్కడ సర్దుకుంటాయో తెలుస్తుంది. అసలు రాయితో మాత్రం ఆ ప్రయోగం వద్దు.

రాయి నున్నగా ఉంటే రెండు స్వాబ్‌ల పద్ధతి చాలు. మొదటి స్వాబ్‌ని డీఎన్‌ఏ లేని శుద్ధజలంతో రెండు చుక్కలు, అంటే సుమారు 100 మైక్రోలీటర్లు, తడపాలి. నీళ్లు కారేలా ముంచకూడదు. కారితే డీఎన్‌ఏని రాతి లోపలికి మీరే తోసినట్టు. దూదిమొన పక్కభాగాన్ని ఆనించి, గట్టిగా నొక్కుతూ, స్వాబ్‌ని వేళ్లతో తిప్పుతూ ఒక దిశలో, తర్వాత దానికి అడ్డంగా నడపాలి. వెంటనే అదే జాగాలో రెండో స్వాబ్‌ని పొడిగా నడిపితే మిగిలిన తడినీ అందులో లేచిన కణాల్నీ పీల్చుకుంటుంది. రెండూ కలిపి ఒకే శాంపిల్. పట్టు ఆనిన ఒక్కో చోటుకి ఒక్కో జత వాడాలి. రాయంతా ఒకే స్వాబ్‌తో తుడిస్తే మృతుడి నెత్తుట్లో పది కణాలు కలిపి పారేసినట్టే. మిశ్రమంలో ఒకరి డీఎన్‌ఏ రెండోవారి దానిలో ఇరవయ్యో వంతుకి పడిపోతే మామూలు ఎస్‌టీఆర్ పరీక్షలో దాన్ని విడదీయడం చాలా కష్టం. మృతురాలు స్త్రీ, నిందితుడు మగవాడు అయితే వై-ఎస్‌టీఆర్ (మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోమ్ పరీక్ష) దారి తెరిచి ఉంటుంది. ఆ పరీక్షకి స్త్రీ డీఎన్‌ఏ ఎంత ఉన్నా కనిపించదు. వై-ఎస్‌టీఆర్ మాత్రం తండ్రికి, అన్నదమ్ములకి, పెదనాన్న చిన్నాన్న కొడుకులకి ఒకటే ఉంటుంది. భూతగాదాల్లో ఒకే ఇంటి మగవాళ్లు ముగ్గురు నిందితులైతే వాళ్లలో ఎవరన్నది అది తేల్చదు.

రాయి గరుకుగా ఉందంటే స్టేషన్‌లో స్వాబ్ పెట్టకండి. గరుకు నేల మీద చీపురు ఊడ్చినట్టే ఉంటుంది ఆ పని: మిట్టల మీది దుమ్ము వస్తుంది, గుంటల్లోది అక్కడే ఉంటుంది. పైగా దూది పోగులు తెగి రాతికి పట్టుకుంటాయి. టేపు వేస్తే రాతి నుసి ముందు అంటుకుని జిగురు చచ్చిపోతుంది. ఇలాంటి వాటి కోసమే తడి వాక్యూమ్ పరికరం ఉంది. మొదట తిండి పదార్థాల మీది సూక్ష్మజీవుల్ని పట్టడానికి తయారైన ఈ పరికరం ఎం-వ్యాక్ పేరుతో ఫోరెన్సిక్స్‌లోకి వచ్చింది. ఒక మూతిలోంచి శుభ్రమైన బఫర్ ద్రవాన్ని చిమ్ముతూ, అదే క్షణంలో దాన్ని వెనక్కి లాగి సీసాలో పోస్తుంది. గుంటల్లోని కణాలు ఆ ద్రవంతో లేచి వస్తాయి. సీసాలో చేరిన వందల మిల్లీలీటర్ల ద్రవాన్ని 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొర గుండా వడకట్టి, పొరని ఆరబెట్టి, ముక్కలు చేసి డీఎన్‌ఏ తీస్తారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో 1995లో ప్రోవో నది ఒడ్డున ఒక పదిహేడేళ్ల అమ్మాయిని గ్రానైట్ రాళ్లతో మోది చంపారు. భద్రపరిచిన ఆ రాళ్ల మీద ఈ వాక్యూమ్ వాడితే ఒక మగవాడి ప్రొఫైల్ దొరికింది. 2013లో నిందితుణ్ణి అరెస్టు చేశారు, 2016లో శిక్ష పడింది. మీ రాయిని పారేయకండి అనడానికి ఇంతకన్నా మంచి కారణం మాకు తెలియదు.

ఆ పరికరానికీ లోపాలున్నాయి. కణం నుంచి విడిపోయిన డీఎన్‌ఏ వడపోత పొరలోంచి జారిపోవచ్చు. పెద్ద జాగా ఊడ్చేస్తుంది కాబట్టి నెత్తురుతో పాటు పాత జాడల్నీ లాక్కొచ్చి మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. ఒకసారి వాడాక ఆ చోట ఇంకే పద్ధతీ మిగలదు. అందుకే క్రమం ఇది: ఫొటోలు, స్వాబ్, చివరగా వాక్యూమ్. అది అందుబాటులో లేని ల్యాబ్‌లో పట్టు ఆనిన చోటునే చిన్న చిన్న భాగాలుగా స్వాబ్ చేసి, అన్నిటినీ కలిపి గాఢపరుస్తారు.

పంపే విధానం కూడా చెప్పాలి, ఎందుకంటే రాళ్ల విషయంలో సగం నష్టం ప్యాకింగ్‌లోనే. రాయిని గోనెసంచిలో వేసి జీపు వెనక పెడితే పది కిలోమీటర్లకే పట్టు ఆనిన భాగం సంచికి రుద్దుకుపోతుంది. గట్టి అట్టపెట్టె తీసుకుని, అరచేతులు ఆనని రెండు అంచుల దగ్గర మాత్రమే రాయి ఆధారపడేలా అడుగున శుభ్రమైన కాగితపు ఉండలు సర్ది, కదలకుండా దారంతో బిగించండి. తడిగా ఉంటే ముందు నీడలో ఆరనివ్వాలి. మట్టి అంటుకుని ఉంటే దులపొద్దు. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం పీసీఆర్‌ని (డీఎన్‌ఏకి లెక్కలేనన్ని కాపీలు తీసే చర్యని) అడ్డుకుంటుంది కానీ ల్యాబ్‌లో దాన్ని శుద్ధి చేసే దారులున్నాయి. మీరు దులిపిన మట్టితో పాటు పోయిన కణాలకి దారి లేదు. లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో (ఏం పరీక్షించాలో ల్యాబ్‌కి రాసే ఉత్తరంలో) ‘రాయి మీద డీఎన్‌ఏ ఉందా’ అని రాస్తే నెత్తురు చూసి పంపేస్తారు. ‘ఫొటో 4లో గుర్తించిన పట్టు భాగాల మీద మృతుడిది కాని డీఎన్‌ఏ ఉందా, నిందితుడితో సరిపోతుందా’ అని రాయండి.

తుపాకీ పేలితే ఆ వేడికి తూటా మీద డీఎన్‌ఏ కాలిపోదా? ఖాళీ షెల్ ఏరుకుని ఏం లాభం?
– రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, కర్నూలు

వేడి క్షణకాలమే, అది అంతా కాల్చెయ్యదు. అసలు శత్రువు ఇత్తడి. ఇత్తడిలోని రాగి, తడి తగలగానే అయాన్లుగా కరిగి డీఎన్‌ఏ పోగుల్ని తెంపుతుంది. మిగిలినది ల్యాబ్‌కి చేరితే పీసీఆర్ ఎంజైమ్‌ని కూడా ఆపేస్తుంది. ఆ పైన జాగా మరీ చిన్నది. 9 ఎంఎం పిస్టల్ షెల్ పొడవు 19 మిల్లీమీటర్లే. మేగజైన్‌లోకి తోసేటప్పుడు బొటనవేలు ఆనేది అందులో ఒక పక్క మాత్రమే. అయినా ఏరడం ఎందుకంటే, పేల్చినవాడు తర్వాత తుపాకీ తుడుస్తాడు, నింపిన తూటాల్ని తుడిచేవాళ్లు అరుదు.

షెల్‌ని చేత్తో తీయొద్దు. తెరిచి ఉన్న మూతిలోకి శుభ్రమైన సన్నపు ప్లాస్టిక్ పుల్ల దూర్చి ఎత్తండి, బయటి గోడకి ఏదీ తగలకూడదు. ఒక్కో షెల్‌కి ఒక్కో చిన్న అట్టడబ్బా. అయిదింటినీ ఒకే కవర్లో వేస్తే ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నది కాస్తా కవరుకి అంటుకుంటుంది, ఏది ఎవరు నింపారో కూడా కలిసిపోతుంది. ఘటనా స్థలంలో తడి స్వాబ్ పెట్టి, ఆ తడి స్వాబ్‌నే గొట్టంలో మూసి పంపడం అన్నిటికన్నా చెడ్డ పని. రాగి, నీళ్లు, డీఎన్‌ఏ మూడూ ఒకే చోట రోజుల తరబడి కలిసి ఉంటాయి. పొడి షెల్‌ని పొడిగానే పంపండి.

ల్యాబ్‌లో మామూలు స్వాబ్ కన్నా నానబెట్టడం, లేదా కడిగి ఆపైన స్వాబ్ చేయడం మేలైన ఫలితమిస్తున్నాయి. షెల్‌ని కొద్దిపాటి బఫర్‌లో కాసేపు ఉంచి, తీసి, ఉపరితలాన్ని స్వాబ్ చేసి, ద్రవాన్నీ స్వాబ్‌నీ కలిపి డీఎన్‌ఏ తీస్తారు. బఫర్‌లో రాగిని పట్టి ఉంచే ఈడీటీఏ లాంటి పదార్థం, బీఎస్‌ఏ అనే ప్రొటీన్ కలిపితే నష్టం తగ్గుతుంది. అమెరికాలోని శాన్‌డియాగో పోలీసు ల్యాబ్ ఈ దిశలో చాలా పని చేసింది. ద్రవంలో నానితే ఇత్తడి రంగు మారవచ్చు కాబట్టి పిన్ను దెబ్బ, వెనకభాగం మీది గీతలు ముందే ఫొటో తీయాలి. బాలిస్టిక్స్ విభాగం వాళ్లు చేత్తో పట్టుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టేది ఆ తర్వాతే. ఇంత చేసినా చాలా షెల్స్ మీద పూర్తి ప్రొఫైల్ రాదు, సగమో పావో వస్తుంది. ఆశ పెట్టుకోవచ్చు కానీ కేసంతా దాని మీద నిలబెట్టకూడదు.

మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకుల్లో చాలావాటికి షెల్లే ఉండదు. మందూ గుళ్లూ బ్యారెల్ మూతిలోంచి దట్టించేవే. అక్కడ చూడాల్సింది దట్టించే కడ్డీ, ట్రిగ్గరు, చెంప ఆనే కర్ర భాగం. చెంప ఆనిన చోట చెమట, నూనె బాగా పడతాయి. దాన్ని వదిలేసి ట్రిగ్గరొక్కటే స్వాబ్ చేసిన కేసులు చూస్తే బాధేస్తుంది.

నేరస్థలంలో కారం చల్లి పోతారు కదా. దానికి డీఎన్‌ఏ పోతుందా?
– పాఠకురాలు, ఏలూరు

పోదు. కారం పోలీసు కుక్క ముక్కు కోసం చల్లేది. డీఎన్‌ఏకి అది చేసేదల్లా స్వాబ్‌కి పొడి అంటించడం, అందులోని మొక్క పదార్థాలు పీసీఆర్‌కి కొంత అడ్డుపడటం. ల్యాబ్‌లో శుద్ధి చేస్తే సర్దుకుంటుంది. పొడిని నోటితో ఊదకండి, మీ ఉమ్మి తుంపర దాని మీద పడుతుంది. చిన్న వస్తువైతే కాగితం మీద ఒరగదీసి పొడి జారనివ్వండి, ఆ పొడినీ పొట్లం కట్టండి. ఖాళీ కారం ప్యాకెట్ దొరికితే చించిన మూల చూడండి. పంటితో చించి ఉంటే అక్కడ లాలాజలం ఉంటుంది. ఇంట్లో ఏ తలుపు గడియ మీద దొరికే దానికన్నా అది మంచి శాంపిల్.

చున్నీ బిగించి చంపిన కేసుల్లో గుడ్డ మీద నుంచి నిందితుడి డీఎన్‌ఏ ఎలా తీస్తారు? గుడ్డంతా ఆ అమ్మాయిదే కదా?
– ఉపాధ్యాయిని, తెనాలి

గుడ్డంతా ఆమెదే, అక్కడే చిక్కు. రోజూ కట్టుకున్న బట్ట నిండా కట్టుకున్నవారి డీఎన్‌ఏ ఉంటుంది. అందుకే గుడ్డ మొత్తం మీద ఎక్కడ పడితే అక్కడ తీస్తే పనికిరాదు. బిగించేటప్పుడు రెండు కొసలూ పిడికిలికి చుట్టుకుంటారు. ఆ చోట మడతలు గట్టిగా పడి, నేత సాగి, దారాలు ఒక పక్కకి లాగి ఉంటాయి. పక్కవాటు వెలుతురులో చూస్తే తెలుస్తుంది. తీయాల్సింది అక్కడ.

గుడ్డకి తడి స్వాబ్ కన్నా జిగురు టేపు మేలు. తడి కణాల్ని దారాల లోపలికి ఈడుస్తుంది, టేపు పైనున్న వాటిని ఎత్తుతుంది. డీఎన్‌ఏ లేకుండా తయారైన చిన్న టేపు ముక్కని ఒకే చిన్న జాగాలో నొక్కి లేపుతూ, జిగురు తగ్గేదాకా వెయ్యాలి. తర్వాత వేరే ముక్క. చెమటకి బాగా తడిసి లోపలికి ఇంకిన చోట మాత్రం ఆ ముక్క కత్తిరించి నేరుగా డీఎన్‌ఏ తీయడమే మంచిది. జీన్స్ గుడ్డ అయితే నీలిమందు రంగు పీసీఆర్‌ని అడ్డుకుంటుంది కాబట్టి కత్తిరింపు చిన్నదిగా ఉండాలి.

ముడి విప్పకండి. ముడి లోపలి మడతలు వేసినవాడి వేళ్ల కింద నలిగినవి, బయటి చేతులేవీ తర్వాత ముట్టనివి. ముడికి దూరంగా కత్తిరించి, కత్తిరించిన రెండు కొసల్నీ దారంతో కట్టి గుర్తు పెట్టండి. మడిచేటప్పుడు మడతల మధ్య కాగితం వెయ్యాలి, లేకపోతే ఒక కొసది ఇంకో కొసకి అంటుకుంటుంది.

చేతులతోనే మెడ నులిమి ఉంటే చర్మం మీద రెండు స్వాబ్‌ల పద్ధతి వాడాలి, ఆపైన వై-ఎస్‌టీఆర్. దీనికి సమయమే ప్రాణం. మార్చురీలో శరీరం కడగక ముందే, ఫ్రీజర్ పెట్టెలో చెమ్మ పట్టక ముందే తీయాలి. పోస్టుమార్టం చేసే డాక్టరుకి ముందుగానే రాతపూర్వకంగా అడిగితేనే జరుగుతుంది, ఫోన్లో చెబితే మర్చిపోతారు.

వేలిముద్రలు ముందా, డీఎన్‌ఏ ముందా? క్లూస్ టీమ్‌లో ఎప్పుడూ ఇదే వాదన.
– కానిస్టేబుల్, నిజామాబాద్

గీతలు స్పష్టంగా ఉంటే ఫొటో తీసి వేలిముద్రలవాళ్లకి వదలండి. చెరిగి అలుక్కుపోయిన ముద్ర వాళ్లకి చెత్త, డీఎన్‌ఏవాళ్లకి బంగారం. అలా జాగాలు పంచుకుంటే వాదన ఉండదు. ముద్ర తేల్చడానికి సూపర్‌గ్లూ ఆవిరి పట్టినా, నల్లపొడి వేసినా డీఎన్‌ఏ సాధారణంగా మిగులుతుంది. చెడగొట్టేది పొడి కాదు, బ్రష్. నిన్నటి ఇంట్లో తిప్పిన బ్రష్ ఇవాళ్టి ఇంట్లో తిప్పితే నిన్నటివాళ్ల డీఎన్‌ఏ ఇక్కడికి వస్తుంది. డీఎన్‌ఏ తీయాల్సిన వస్తువుకి కొత్త బ్రష్, విడిగా పోసుకున్న పొడి వాడాలి.

చెరువులో పడేసిన వేటకొడవలి మీద ఏమైనా మిగులుతుందా?
– పాఠకుడు, నంద్యాల

పారే నీటికన్నా నిలవ నీరు నయం, వారాలకన్నా గంటలు నయం. బ్లేడు మీద ఆశ వదులుకుని పిడి చూడండి. కర్ర పిడికీ ఇనుపకొనకీ మధ్య సందు, రివెట్ల చుట్టూ, పిడికి చుట్టిన గుడ్డ లేదా సైకిల్ ట్యూబ్ కింద, నీరు రాపిడి చెయ్యలేని చోట నెత్తురూ చర్మపు కణాలూ దాక్కుంటాయి. నీడలో ఆరబెట్టి పెట్టెలో పంపితే ల్యాబ్‌లో పిడి విప్పి చూస్తారు. మీరు విప్పొద్దు.

స్వాబ్‌లు కోర్టులో నిలబడాలంటే ఎలా దాచాలి? ఎన్నాళ్లలో పంపాలి?
– స్టేషన్ రైటర్, కరీంనగర్

ఆరబెట్టాలి, కాగితం కవర్లో పెట్టాలి. ఈ రెండూ చేస్తే చాలావరకు గట్టెక్కుతారు. మన ఎండల్లో తడి స్వాబ్‌ని ప్లాస్టిక్ కవర్లో మూస్తే చెమ్మకి బూజు, బ్యాక్టీరియా పెరిగి డీఎన్‌ఏని తినేస్తాయి. ఎండలో ఆరబెట్టినా పాడవుతుంది, అతినీలలోహిత కిరణాలు పోగుల్ని దెబ్బతీస్తాయి. నీడలో, ఫ్యాను నేరుగా తగలకుండా, ఒక్కో స్వాబ్ విడిగా ఆరాలి. కవరు అంచు నాలుకతో తడిపి అతికించడం ఇంకా చూస్తున్నాం. దయచేసి మానండి. శాంపిల్ ఉన్న కవరు మీదే మీ డీఎన్‌ఏ రాస్తున్నారు.

గడువు సంగతి. 2025 జులైలో కట్టవెళ్లై వర్సెస్ తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే సూచనలిచ్చింది. శాంపిల్ తీసిన 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలి. కవరు మీద ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, సెక్షన్లు, దర్యాప్తు అధికారి, స్టేషన్ వివరాలు, వరస సంఖ్య ఉండాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే రిజిస్టరు శాంపిల్ తీసిన దగ్గర్నుంచి తీర్పు దాకా నడవాలి. విచారణ కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదు. 2022లో ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో నిందితులు విడుదల కావడానికి సుప్రీంకోర్టు చూపిన కారణాల్లో ఒకటి, 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన శాంపిల్స్ 27 దాకా పోలీసు మాల్ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలోనే) ఉండిపోవడం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలి, సేకరణ వీడియో తీయాలి. ఆ వీడియోలో గ్లౌజులు మార్చుకోవడం కనిపించేలా తీయించుకోండి. తర్వాత అదే మిమ్మల్ని కాపాడుతుంది.

నా క్లయింటు ఆ ఇంటికి ఎన్నడూ వెళ్లలేదంటాడు. తలుపు గడియ మీద అతని డీఎన్‌ఏ దొరికింది. అబద్ధమాడుతున్నట్టేనా?
– న్యాయవాది, ఖమ్మం

అంత తొందరగా తేల్చలేం. డీఎన్‌ఏ ఎవరిదో చెబుతుంది. ఎప్పుడు పడింది, ఎలా చేరింది అన్నవి చెప్పదు. 2012లో కాలిఫోర్నియాలో ఒక హత్యలో, మృతుడి గోళ్ల మీద ఒక నిరాశ్రయుడి డీఎన్‌ఏ దొరికి అతను అయిదు నెలలకు పైగా జైల్లో ఉన్నాడు. తీరా చూస్తే హత్య జరిగిన రాత్రి అతను తప్పతాగి ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని చేర్చిన అంబులెన్సు సిబ్బందే కొన్ని గంటల తర్వాత హత్యాస్థలానికి వెళ్లారు. వేలికి తొడిగే ఆక్సిమీటర్ మీదుగా అంటుకుని ఉండవచ్చని తేలింది. జర్మనీలో ఇంకా విచిత్రం. 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసు హత్యతో సహా దాదాపు నలభై నేరాల్లో ఒకే స్త్రీ డీఎన్‌ఏ దొరుకుతూ వచ్చింది. 2009లో తెలిసిందేమంటే, ఆమె స్వాబ్‌లు తయారయ్యే చోట పనిచేసే మనిషి. స్వాబ్‌లు స్టెరైల్‌వే. స్టెరైల్ చేస్తే సూక్ష్మజీవులు చస్తాయి తప్ప డీఎన్‌ఏ పోదు. ఆ తర్వాతే 2016లో, సేకరణ సామగ్రిలో మనిషి డీఎన్‌ఏ ఉండకూడదనే ఐఎస్ఓ 18385 ప్రమాణం వచ్చింది.

మీరు క్రాస్‌లో అడగాల్సినవి ఇవి. వాడిన స్వాబ్ ఆ ప్రమాణానిదేనా? అదే లాట్ ఖాళీ స్వాబ్, అదే నీళ్లతో, కంట్రోల్‌గా (పోల్చి చూసేందుకు) పంపారా? గడియ పక్కన ఎవరూ ముట్టని చోట నుంచి కూడా తీశారా? ఆ రోజు అదే సిబ్బంది మీ క్లయింటుని అరెస్టు చేశారా, ఇల్లు సోదా చేశారా, మధ్యలో గ్లౌజులు మార్చారా? డీఎన్‌ఏ ఎన్ని పికోగ్రాములు వచ్చింది? ప్రొఫైల్ ఒక్కరిదా, మిశ్రమమా, ఎంతమందిదని లెక్కగట్టారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో? రిపోర్టులో ‘సరిపోయింది’ అన్న ఒక్క మాటే ఉంటే ఎలక్ట్రోఫెరోగ్రామ్ (డీఎన్‌ఏ యంత్రం గీసిన గ్రాఫు) కాపీ అడగండి. ఇంత చెప్పాక ఇంకో వైపు కూడా చెప్పాలి. రెండో చేతి మీదుగా వచ్చే డీఎన్‌ఏ సాధారణంగా తక్కువ, తరచుగా మిశ్రమంగానే ఉంటుంది. గడియ మీద ఒకే మనిషిది, నిండుగా, స్పష్టంగా వచ్చిందంటే ఈ వాదన పలచబడుతుంది. క్లయింటుని ఇంకోసారి అడిగి చూడండి.

దొంగలు చేతులూ నోరూ ప్యాకింగ్ టేపుతో కట్టేసి వెళ్లారు. టేపు జిగురు వైపు పనికొస్తుందా?
– సీఐ, అనకాపల్లి

బాగా పనికొస్తుంది. టేపు తెంచేటప్పుడు వేళ్లు జిగురు మీద పడకుండా ఉండవు, గ్లౌజులు వేసుకున్నా చాలాసార్లు పంటితో తెంపుతారు. మొదటి కొసా చివరి కొసా ముఖ్యం. మధ్యభాగం నిండా బాధితులదే ఉంటుంది. విడదీసే ప్రయత్నం చేయొద్దు, ముద్దగా అతుక్కున్నా అలాగే పెట్టెలో పెట్టండి. ల్యాబ్‌లో చల్లబరిచో ద్రావకంతోనో మెల్లగా విడదీస్తారు. నోటి మీది టేపు తీసేటప్పుడు బాధితుడే లాగి ఉంటే ఆ విషయం రాయండి. కట్లు కోసేటప్పుడు చిరిగిన కొసల జోలికి వెళ్లకుండా మధ్యలో కత్తెరతో కోసి, కోసిన చోట పెన్నుతో గీత పెట్టండి. దొంగల దగ్గర మిగిలిన చుట్ట దొరికితే దాని చివరి చిరుగూ మీ టేపు మొదటి చిరుగూ పక్కపక్కన పెట్టి కలుస్తున్నాయో లేదో చూసే పరీక్ష కూడా ఉంది. కత్తెర ఆ కొస మీద పడితే అది పోతుంది.